వానలో పరుగు

జూన్ నెలలో నైరృతి ఋతుపవనము ప్రవేశించినది మొదలు, ఉదయము పూట పరుగెత్తు అలవాటు గలవారికి ఒక చిక్కు వచ్చును. సరిగా బయలుదేరు వేళకు ముసురు పట్టి యుండును. ఇంట పెద్దలు "తడిస్తే పడిశం పడుతుంది, వెళ్ళకు" అందురు. పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడు పిల్లలను మైదానమునకు పంపవలెనా, వరండాలోనే ఉంచవలెనా అని మేఘముల వంక చూచుచుండును. నెల్లూరు, తిరుపతి ప్రాంతములవారికి ఈశాన్య ఋతుపవనము పుణ్యమా అని ఈ చిక్కు డిసెంబరు వరకు సాగును.

"వానలో పరుగెత్తవచ్చునా?" అను ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానము లేదు. ఒకే విధమైన వాన ఒకనికి మేలు చేయును, మరియొకని ప్రాణము తీయును. శరీరములో పుట్టు వేడి ఎంత, శరీరమును విడిచిపోవు వేడి ఎంత అను జమాఖర్చు మీదనే ఈ భేదము ఆధారపడి యున్నది. ఆ జమాఖర్చు వ్రాయుటకు ఉన్నత పాఠశాలలో నేర్చిన భౌతికశాస్త్రము చాలును.

మొదట జమ చూతము. పరుగెత్తు మనిషి మండుచున్న పొయ్యి వంటివాడు. చదునైన నేలపై ఒక కిలోమీటరు పరుగెత్తుటకు, శరీరపు బరువులో ప్రతి కిలోగ్రామునకు సుమారు ఒక కిలోకేలరీ శక్తి ఖర్చగును. 60 కిలోగ్రాముల బరువు గలవాడు పది కిలోమీటర్లు పరుగెత్తినచో 600 కిలోకేలరీలు ఖర్చు చేయును. ఇందులో కండరములు పనిగా మార్చగలిగినది నాల్గవ వంతుకు మించదు. మిగిలిన 450 కిలోకేలరీలు వేడిగా మారును. మానవ శరీరపు విశిష్టోష్ణము నీటి కన్న కొంచెము తక్కువ, సుమారు 0.83. కనుక 60 కిలోల శరీరమును ఒక డిగ్రీ వేడెక్కించుటకు 50 కిలోకేలరీలు చాలును. 450ని 50 చేత భాగించి చూడుడు. తొమ్మిది డిగ్రీలు! వేడి బయటికి పోవు దారి లేనిచో, 37 డిగ్రీలతో బయలుదేరినవాడు పరుగు ముగియునప్పటికి 46 డిగ్రీలకు చేరవలెను. అంత దూరము పోనక్కరలేదు, 42 డిగ్రీలు దాటకమునుపే ప్రాణాపాయము.

ఇట్లు జరుగకుండుటకు ముఖ్యకారణము చెమట. ఒక గ్రాము చెమట చర్మముపై ఆవిరియగునపుడు సుమారు 580 కేలరీల వేడిని తనతో తీసికొనిపోవును. పైన చెప్పిన 450 కిలోకేలరీలను వదిలించుకొనుటకు ముప్పాతిక లీటరు చెమట ఆవిరి కావలెనన్నమాట. ఆవిరి కావలెను గాని, కారి నేలపై పడినంత మాత్రమున లాభము లేదు.

నీరు ఎంత త్వరగా ఆవిరియగునో నిర్ణయించునది, చర్మము వద్దనున్న ఆవిరి పీడనమునకును గాలిలోని ఆవిరి పీడనమునకును గల తేడా. 34 డిగ్రీల వెచ్చదనము గల తడి చర్మము వద్ద ఆ పీడనము సుమారు 40 పాదరసపు మిల్లీమీటర్లు. మే నెలలో 42 డిగ్రీల ఎండ, 20 శాతము తేమ ఉన్ననాడు గాలిలోని ఆవిరి పీడనము 12 మాత్రమే. తేడా 28. జూలైలో ముసురు పట్టి, ఉష్ణోగ్రత 25 డిగ్రీలు, తేమ నూటికి నూరు ఉన్ననాడు గాలిలోని పీడనము 24. తేడా 16. నూరు శాతము తేమలో చెమట బొత్తిగా ఆరదని పలువురు విద్యార్థులు జవాబు వ్రాయుదురు. అది సరికాదు. చర్మము గాలి కన్న వెచ్చగా ఉన్నంతవరకు ఎంతో కొంత ఆరుచునే యుండును. పైగా 25 డిగ్రీల గాలి చర్మమును నేరుగా కూడ చల్లార్చును. 42 డిగ్రీల గాలియో, చర్మమునకే ఎదురు వేడి నిచ్చును.

ఇక వాన వెలిసి ఎండ కాయువేళ సంగతి చూడుడు. ఉష్ణోగ్రత 32 డిగ్రీలు, తేమ 80 శాతము ఉన్నదనుకొందము. గాలిలోని ఆవిరి పీడనము 28 దాటును. తేడా 12కు తక్కువే. చెమట ఆరుటకు ఈ మూడు దినములలోను ఇదియే అధమము. మనవారు ఉక్కపోత అని ఒక్క మాటలో చెప్పునది ఇదే. వాన పడుచున్నపుడు ఇంట కూర్చుండి, "హమ్మయ్య, వెలిసినది" అని ఎండ రాగానే పరుగునకు బయలుదేరుట వివేకమని తోచును గాని, లెక్క మాత్రము దానికి వ్యతిరేకముగా నున్నది. హైదరాబాదు మారథాన్ పరుగు ఆగస్టు నెలలో జరుగును. 42 కిలోమీటర్ల ఆ పరుగులో పాల్గొనువారు ఫ్లైఓవర్ల ఎత్తుపల్లముల కన్న ఈ తేమకు ఎక్కువ భయపడుట వింత గాదు. అట్టి దినములలో వేగము తగ్గించుకొనుట, వాన పడుచున్నను దాహమునకు నీరు త్రాగుట అవసరము. ఒళ్ళంతయు తడిసి యున్నపుడు ఎంత చెమట పోయినదో తెలియదు. అందుచేత వానలో నీరు త్రాగుట మరచువారు చాలమంది.

మీద పడు వాన నీరు తానుగా ఎంత వేడిని తీసికొనిపోవును? దీనిని కూడ సుమారుగా లెక్కకట్టవచ్చును. గంటకు 20 మిల్లీమీటర్ల వాన అనగా ఒక చదరపు మీటరు నేలపై గంటకు 20 లీటర్ల నీరు. రెండు మిల్లీమీటర్ల వ్యాసముగల చినుకు సెకనుకు ఆరున్నర మీటర్ల వేగముతో క్రిందికి దిగును. మన పరుగరి సెకనుకు మూడు మీటర్ల వేగముతో పోవుచున్నాడనుకొందము. అతని తల, భుజములు కలిసి 0.15 చదరపు మీటరు, ఎదుటి భాగము అర చదరపు మీటరు అనుకొన్నచో, గంటకు పైనుండి మూడు లీటర్లు, ఎదుటినుండి నాలుగున్నర లీటర్లు, మొత్తము ఏడున్నర లీటర్ల నీరు అతనిపై పడును. 23 డిగ్రీల ఆ నీరు చర్మమును తాకి 33 డిగ్రీలకు వేడెక్కి జారిపోయినను, తీసికొనిపోవునది 75 కిలోకేలరీలు. అదే గంటలో అతని శరీరమున పుట్టిన వేడి సుమారు 490. అనగా మన వానకాలపు చినుకు పరుగెత్తువాని వేడిలో ఆరవ వంతును కూడ సరిగా తీసికొనలేదు. అది అపకారము గాదు, సహాయము. వెచ్చని ప్రదేశములలో చిరుజల్లు పడుచున్నపుడు పరుగు హాయిగా నుండుటకు కారణమిదే.

అట్లయినచో వానలో తడిసి మనుష్యులు చనిపోవుట ఎట్లు జరిగినది?

2021 మే 22వ తేదీన చైనా దేశపు గాన్సు రాష్ట్రములో, బైయిన్ నగర పరిధిలోని కొండలలో నూరు కిలోమీటర్ల పరుగుపందెము జరిగెను. 172 మంది పాల్గొనిరి. బయలుదేరునపుడు చాలమంది పొట్టి చేతుల చొక్కాలు, పొట్టి లాగులు మాత్రమే ధరించి యుండిరి. గాలిని ఆపు పైకోటు తెచ్చుకొమ్మని సలహా ఇచ్చిరే గాని, తప్పనిసరి చేయలేదు. మధ్యాహ్నమగుసరికి సుమారు రెండువేల మీటర్ల ఎత్తున, వాహనములు పోలేని నిట్టనిలువు దారిలో నున్నవారిని వడగండ్లు, చల్లని వాన, పెనుగాలి ఒక్కసారిగా చుట్టుముట్టెను. ఇరువదియొక్కమంది మరణించిరి. వారిలో ఆ దేశపు దూరపు పరుగులలో పేరుపొందిన లియాంగ్ జింగ్ ఒకడు. అనగా చేతగానివారు మాత్రమే చనిపోలేదు. ఒక గొర్రెల కాపరి ఆరుగురిని తాను తలదాచుకొన్న గుహలోనికి చేర్చి, నిప్పు రగిల్చి, దుప్పట్లు కప్పి బ్రతికించెను.

ఆ కాపరి చేసిన పనిలోనే శాస్త్రమంతయు ఉన్నది. నిశ్చలమైన గాలి వేడిని మిక్కిలి నెమ్మదిగా ప్రసరింపజేయును. నీటి ఉష్ణవాహకత గాలికి ఇరువది రెట్లకు పైగా ఎక్కువ. బట్ట మనలను వెచ్చగా నుంచుటకు దారము గాక, దారముల మధ్య చిక్కుకొన్న గాలి కారణము. బట్ట తడిసినపుడు ఆ గాలి స్థానమున నీరు చేరి, రక్షణ పోవును. దానిపై పెనుగాలి వీచినచో నీరు ఎడతెగక ఆవిరియగుచు, గ్రామునకు 580 కేలరీల చొప్పున వేడిని గుంజుకొనుచుండును. వేసవిలో మనకు ప్రాణము పోసిన గుప్తోష్ణమే ఇచ్చట ప్రాణము తీయును. ఇంతవరకును పొయ్యి మండుచున్నచో కొంత నయము. కాని అలసినవాడు, నిట్టనిలువు దారిలో నడకకు దిగినవాడు, గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు మాత్రమే కదలును. పొయ్యి ఆరిపోవుచుండగా కిటికీలన్నియు తెరచినట్లగును.

కాపరి గుహ గాలిని ఆపెను, దుప్పటి నిలువ గాలిని తిరిగి ఇచ్చెను, నిప్పు జమను పెంచెను.

2018 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ కూడ ఇట్టి చల్లని వానలో, ఎదురుగాలిలో జరిగెను. పెక్కుమంది ప్రసిద్ధ క్రీడాకారులు మధ్యలోనే విరమించుకొనిరి. అచ్చట దారి పొడవున వైద్యశిబిరములు, కంబళ్లు, వాహనములు ఉండెను గనుక విరమించుకొన్నవారికి చేరు చోటు ఉండెను. గాన్సు కొండమీద అది లేదు.

మన వద్ద అంత చలి లేదు గదా యనవచ్చును. మైదానములలో లేదు, నిజమే. కాని తుపాను వేళ కోస్తాలో వీచు గాలిని, చలికాలమున లంబసింగి, అరకు కొండలలో పడు వానను తక్కువగా అంచనా వేయరాదు. చలి చేత శరీరము ఓడిపోవుచున్నదని తెలుపు గుర్తులు అందరును నేర్వదగినవి. మొదట గట్టి వణుకు. తరువాత వేళ్లు కొంకర్లు పోయి, బొటనవ్రేలితో చిటికెనవ్రేలిని తాకలేకపోవుట. పిమ్మట మాట తడబడుట, అడుగు తూలుట. వణుకు దానంతట అదే ఆగిపోయినచో కుదుటపడెనని సంతోషింపరాదు. అది అన్నింటికన్న చెడ్డ గుర్తు. తడిబట్టలు విప్పి, పొడిబట్ట కప్పి, గాలి తగులని చోటికి చేర్చి, తెలివి ఉన్నచో తియ్యని వేడి పానీయము ఇచ్చి, వెంటనే వైద్యుని పిలువవలెను.

ఈ విషయమును తరగతిలో చూపుట సులభము. ఒకే రకమైన మూడు సీసాలు తీసికొని, సమానముగా వేడినీరు పోసి, మూడింటిలోను ఉష్ణమాపకములు ఉంచుడు. మొదటిదానికి పొడి నూలుబట్ట, రెండవదానికి అట్టిదే తడిపిన బట్ట చుట్టుడు. మూడవదానికి తడిబట్ట చుట్టి, దానిపై పలుచని పాలిథిన్ సంచి తొడుగుడు. మూడింటిని పంకా ఎదుట పెట్టి, రెండు నిమిషముల కొకసారి ఉష్ణోగ్రత వ్రాసికొని రేఖాపటము గీయింపుడు. రెండవ సీసా అన్నింటికన్న త్వరగా చల్లారును. మూడవదానిలోని బట్ట కూడ అంతే తడిగా నున్నను అది నెమ్మదిగా చల్లారుట పిల్లలకు ఆశ్చర్యము కలిగించును. చలివానలో పైకోటు చేయు పని ఒంటిని తడవకుండ చూచుటయే కాదు, గాలిని ఆపుట అంతకన్న ముఖ్యము. ఏమియు దొరకని వేళ అడుగున తలకు, ప్రక్కల చేతులకు కంతలు చేసిన పెద్ద పాలిథిన్ సంచి సైతము ప్రాణము నిలుపగలదు.

మరి ఎల్లప్పుడును కోటు తొడిగికొని పరుగెత్తవలెనా? వద్దు. మన జూలై వానలో ప్లాస్టిక్ కోటు తొడిగినచో, బయటి వాన లోనికి రాదు గాని లోపలి చెమట బయటికి పోదు. పావుగంటలో మనిషి లోపలినుండి తడిసి, వేడిచే ఉడికిపోవును. ఈ ఇబ్బందికి మందుగా 1969లో అమెరికాలో రాబర్ట్ గోర్ అను ఆయన టెఫ్లాన్ పదార్థమును సాగదీసి, సూక్ష్మరంధ్రములు గల పొరను చేసెను. చినుకు దూరలేదు గాని ఆవిరి దూరిపోవును. గోర్‌టెక్స్ అను పేర అమ్ముడగునది ఇదే. కాని ఆవిరి బయటికి పోవలెనన్నచో లోపల పీడనము ఎక్కువ, బయట తక్కువ ఉండవలెను గదా! చలిదేశములలో ఆ తేడా పెద్దది, మన వానకాలములో చిన్నది. అందుచేత వేలకు వేలు పోసి కొన్న కోటు ఇచ్చట అంత ఉపకరింపదు. 25 డిగ్రీల వానలో పలుచని పాలియెస్టర్ చొక్కా చాలును. పాలియెస్టర్ దారము తనలోనికి నీటిని దాదాపుగా పీల్చుకొనదు, నూలుదారము బాగుగా పీల్చుకొనును. తడిసిన నూలు బనీను బరువై, వేలాడి, చంకలలోను తొడలలోను ఒరిపిడి కలిగించును. ఆ చోట్ల కొంచెము వాసలీను రాసికొనినచో బాధ తప్పును. తలపై అంచు ముందుకు వచ్చిన టోపీ ఉన్నచో చినుకులు కంట పడవు. కళ్ళద్దములు గలవారికి ఇది మరింత అవసరము.

పెద్దలు చెప్పు పడిశము మాట ఏమి? పడిశమునకు కారణము వైరసులు. అవి వానచినుకులో ఉండవు. అయితే పెద్దల మాటను ఒక్కసారిగా త్రోసిపుచ్చుటయు తగదు. 2005లో కార్డిఫ్ విశ్వవిద్యాలయము వారు ఒక ప్రయోగఫలితమును ప్రచురించిరి. 90 మందిని 20 నిమిషములు చన్నీటిలో పాదములుంచి కూర్చుండబెట్టిరి. మరి 90 మందిని ఖాళీ పాత్రలో పాదములుంచి కూర్చుండబెట్టిరి. తరువాతి నాలుగైదు దినములలో పడిశము పట్టినదని చెప్పినవారు మొదటి జట్టులో 13 మంది, రెండవ జట్టులో ఐదుగురు. కాళ్లు చల్లబడినపుడు ముక్కులోని రక్తనాళములు సంకోచించి, అప్పటికే అచ్చట నక్కియున్న వైరసునకు వీలు చిక్కునని వారి ఊహ. వారు నమోదు చేసినది ఆయా వ్యక్తులు చెప్పిన లక్షణములనే గాని, వైరసు ఉన్నదా అని పరీక్షింపలేదు. కనుక దీనిని తుదితీర్పుగా తీసికొనరాదు. పరుగు ఆగిన వెంటనే తడిబట్టలు మార్చి తల తుడుచుకొమ్మని చెప్పుటకు మాత్రము ఇది చాలును. తడిసిన పిల్లలను ప్రసంగములకై వరుసలలో నిలబెట్టు ఆచారము కొన్నిచోట్ల ఉన్నది. పొయ్యి ఆరినది ఆ నిలబడిన క్షణముననే అని నిర్వాహకులు గుర్తింపవలెను.

వేడి సంగతి అట్లుంచి నేల సంగతికి వత్తము. మలుపు తిరుగువానిని లోపలికి లాగునది పాదమునకు నేలకు మధ్య నుండు ఘర్షణయే. సెకనుకు మూడు మీటర్ల వేగముతో రెండు మీటర్ల వ్యాసార్ధముగల మలుపు తిరుగుటకు కావలసిన ఘర్షణ గుణకము, వేగపు వర్గమును వ్యాసార్ధముతోను 9.8తోను భాగించగా 0.46 వచ్చును. తడిసిన నున్నని పలక, పాచిపట్టిన గచ్చు, దారిపై తెల్లరంగు పట్టీలు, ఇనుప మూతలు, రాలిన ఆకులు అంత ఘర్షణ ఇచ్చునని నమ్మరాదు. అదే మలుపును ఆరు మీటర్ల వ్యాసార్ధముతో విశాలముగా తిరిగినచో 0.15 చాలును. అందుచేత వానలో మలుపులు వెడల్పుగా తిరుగవలెను, అడుగులు చిన్నవిగా వేయవలెను. అరిగిన అడుగు గల బూట్లు పనికిరావు.

అన్నింటికన్న పెద్ద అపాయము వాన గాదు, పిడుగు. జాతీయ నేర గణాంకముల ప్రకారము మన దేశమున ఇటీవల ఏటా రెండువేల మందికి పైగా పిడుగుపాటున మరణించుచున్నారు. మెరుపు కనబడిన తరువాత ఉరుము వినబడువరకు సెకనులు లెక్కించుడు. ధ్వని మూడు సెకనులలో సుమారు ఒక కిలోమీటరు పోవును. లెక్క ముప్పదికి లోపుగా నున్నచో పిడుగు పది కిలోమీటర్ల లోపల నున్నది. పరుగు మాని పక్కా భవనములోనికో, తలుపులు మూసిన కారులోనికో పోవలెను. చివరి ఉరుము తరువాత అరగంట దాటువరకు బయటికి రారాదు. చెట్టు క్రిందికి పోనేరాదు. పిడుగు చెట్టుమీద పడి ప్రక్కనున్న మనిషిమీదికి దుముకును. నేలలో ప్రవహించు విద్యుత్తు వలన ఒక పాదమునకును మరియొక పాదమునకును మధ్య కూడ పొటెన్షియల్ తేడా ఏర్పడును. పాదములు ఎంత దూరముగా నున్నచో ఆ తేడా అంత ఎక్కువ. ముందుకాళ్లు వెనుకకాళ్లు దూరముగా నుండు పశువులు ఎక్కువగా చచ్చుటకు ఇదియొక కారణము. పూణేలోని ఉష్ణమండల వాతావరణశాస్త్ర సంస్థ వారి "దామిని" యాప్ సెల్‌ఫోనులో ఉన్నచో సమీపమున పిడుగులు పడు సూచన ముందుగా తెలియును.

నగరములలో నిలిచిన నీరు మరియొక శత్రువు. 2017 ఆగస్టు 29న ముంబయి వరదలలో ఒక ప్రసిద్ధ వైద్యుడు నడచి ఇంటికి పోవుచు, నీటిలో కనబడని మూతలేని మ్యాన్‌హోలులో పడి మరణించెను. అడుగు కనబడని నీటిలో కాలు పెట్టరాదు. విద్యుత్ స్తంభములను, ట్రాన్స్‌ఫార్మర్ల కంచెలను తాకరాదు. పొడి చర్మముతో పోల్చినచో తడిసిన శరీరపు విద్యున్నిరోధము చాల తక్కువ, సుమారు వేయి ఓములకు దిగిపోవును. 230 వోల్టులను 1000 చేత భాగించగా 0.23 ఆంపియరు. ఇందులో సగమైనను గుండె లయ తప్పుటకు చాలును. ఎలుకల మూత్రము కలిసిన మురుగునీటి నుండి పాదముల పగుళ్ల ద్వారా లెప్టోస్పైరోసిస్ అను వ్యాధి సోకును గనుక, ఇల్లు చేరగానే కాళ్లు సబ్బుతో కడుగుకొనవలెను.

చివరగా బూట్ల మాట. తడిసిన బూట్లను పొయ్యి దగ్గరనో మండుటెండలోనో పెట్టినచో అడుగు అంటించిన జిగురు వదలును. మేజోళ్లు తీసి, లోపలి అట్టలు విడదీసి, పాత వార్తాపత్రికలు ఉండలు చుట్టి బూట్లలో కూరుడు. కాగితపు నారల మధ్యనున్న సన్నని సందులు కేశనాళికలవలె నీటిని పీల్చుకొనును. గంట తరువాత ఆ ఉండలను తీసి కొత్తవి పెట్టి, పంకా క్రింద ఉంచినచో మరునాటి ఉదయమునకు చాలవరకు ఆరిపోవును.